ఇంటి నిర్ణయం, ఊరి తీర్మానం

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, బరంపురం, గోపాలపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు సోదరసోదరీమణులకు నమస్కారం.

వాతావరణ మార్పు ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన మధ్య రెండు వాదాలు వినిపిస్తుంటాయి. ఎవరింట్లో వారు కరెంటు, నీరు, తిండి విషయంలో పొదుపు పాటిస్తే చాలునని కొందరంటారు. మన ఒడిశాలోని తాల్చేరు బొగ్గు గనులు నడుస్తున్నంత కాలం మనింట్లో ఒక లైటు ఆర్పితే ఒరిగేదేమిటని మరికొందరంటారు. రెండింటిలోనూ నిజం ఉంది గాని, రెండూ సగం దారిలోనే ఆగిపోతున్నాయి. ఇంట్లో తీసుకున్న నిర్ణయం ఇంట్లోనే ఉండిపోతే దాని బలం స్వల్పం. అదే నిర్ణయం పంచాయతీ తీర్మానంలోకి, రేషన్ డిపో రిజిస్టరులోకి, కరెంటు ఆఫీసు దరఖాస్తులోకి ఎక్కితే ప్రభుత్వం దాన్ని పట్టించుకోక తప్పదు. ఈ సాయంత్రం నేను మీ ముందుంచదలచినది ఈ ఒక్క విషయమే.

వరిమడితో మొదలుపెడతాను. నీరు నిలిచిన మడిలో నేలకు గాలి అందదు. గాలి లేని ఆ బురదలో బతికే సూక్ష్మజీవుల వల్ల మీథేన్ వాయువు పుడుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే అది దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. దీన్ని తగ్గించే మార్గం ఆరుతడి సాగు. చుట్టూ చిల్లులు పెట్టిన గొట్టాన్ని మడిలో పాతి, లోపలి నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు పోయేదాకా ఆగి, ఆ తరువాతనే మళ్లీ తడి ఇస్తారు. పూత సమయంలో మాత్రం నీరు నిలపాలి. ఈ పద్ధతిని సరిగా పాటిస్తే దిగుబడి పడిపోకుండానే నీరు మిగులుతుంది, మీథేన్ తగ్గుతుంది.

అయితే మన గంజాం జిల్లాలో ఋషికుల్య కాలువ కింద, పై మడి నిండి కింది మడికి నీరు పారే చోట, ఒక్క రైతు తన మడిని ఎలా ఆరబెట్టగలడు? గట్టు అవతలి రైతు ఒప్పుకోవాలి, కాలువకు నీరు వదిలే తేదీలు మారాలి. అది ఒక మనిషి చేతిలోని పని కాదు. ఇందుకోసమే అన్నట్టుగా ఒడిశాలో 2002లో పానీ పంచాయత్ చట్టం వచ్చింది. ఆయకట్టు రైతులు సంఘంగా ఏర్పడి నీటి పంపకాన్ని తామే చూసుకునే అవకాశం దాని వల్ల కలిగింది. వంతులవారీగా నీరు వదలాలని ఆ సంఘం తీర్మానించాలంటే, ఊళ్లో ఎవరో ఒకరు ముందుగా తన మడిలో గొట్టం పాతి, పంట పండించి, పది మందికీ చూపించి ఉండాలి. మొదటి రైతు ఆదా చేసిన నీరు కొంచెమే కావచ్చు. కానీ సభలో లేచి నిలబడి, ‘నా పొలానికి రండి, చూడండి’ అని చెప్పగలిగేది అతనొక్కడే. సొంతంగా చేసిన పని విలువ నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

చోళ్ల (రాగుల) కథ కూడా ఇటువంటిదే. కొరాపుట్, రాయగడ, గజపతి కొండల్లో, బజారులో ధర లేని కాలంలోనూ రైతులు చోళ్లు, సామలు విత్తుతూనే వచ్చారు. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల పథకం మొదలుపెట్టి చోళ్ల సేకరణకు, రేషన్ పంపిణీకి దారి వేసింది. 2024-25లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ వరికి క్వింటాలుకు 2,300 రూపాయలయితే, చోళ్లకు 4,290 రూపాయలు. నీరు నిలపనవసరం లేని ఈ పంట మెట్ట భూముల్లో నిలవాలంటే కొండ మీది రైతు పట్టుదల ఒక్కటే చాలదు. పట్నంలో ఉన్న మనం వారానికి రెండు రోజులైనా చోడి అంబలి తాగాలి, మన పిల్లల బడి భోజనంలోనూ చోళ్లు పెట్టమని తల్లిదండ్రుల సమావేశంలో అడగాలి.

వ్యక్తి నిర్ణయమూ ప్రభుత్వ ఏర్పాటూ కలిస్తే ఏమవుతుందో ఈ తీరానికి మరొకరు చెప్పనక్కరలేదు. 1999 అక్టోబరు పెనుతుపానులో ఒడిశాలో దాదాపు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మృతుల సంఖ్య 50కి లోపే. ఆ మధ్య కాలంలో ప్రభుత్వం విపత్తుల నిర్వహణకు ప్రత్యేక సంస్థను నెలకొల్పింది, తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టింది, హెచ్చరికలను ముందుగా ఊరూరా చేర్చింది. ఇదంతా ఉన్నా, వలా పడవా తప్ప వేరే ఆస్తి లేని మత్స్యకారుడు పడవను ఒడ్డు మీదికి లాగి కట్టి, రేషన్ కార్డునూ బ్యాంకు పుస్తకాన్నీ పాలిథిన్ సంచిలో చుట్టి, మేకలను వదిలి రానని మొండికేసిన ముసలితల్లిని ఒప్పించి ఇల్లు విడిచి బయలుదేరకపోతే, ఆ షెల్టర్లు ఖాళీగానే ఉండేవి. దాదాపు 10 లక్షల మంది అలా కదిలారు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లా బారాఘరా గ్రామంలో వాన నుంచి తలదాచుకోవడానికి గుహలోకి వెళ్లినవారు కొండచరియ విరిగిపడి చనిపోయారు. వాళ్లూ ప్రాణాలు కాపాడుకోవాలనే కదిలారు. నమ్మదగిన చోటు మాత్రం వారికి దగ్గరలో లేకపోయింది. కొండ ఊళ్లకూ షెల్టర్లు కావాలని మనం గట్టిగా అడగవలసిన అవసరం ఇంకా ఉంది.

ఇక్కడ న్యాయం మాట కూడా చెప్పుకోవాలి. వాతావరణ మార్పును అధ్యయనం చేసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2022 నివేదిక ప్రకారం, ప్రపంచంలో గృహ వినియోగం వల్ల వెలువడే ఉద్గారాల్లో, అంటే భూమిని వేడెక్కించే వాయువుల్లో, 34 నుంచి 45 శాతం, అత్యధికంగా ఉద్గారాలు వెలువరించే పది శాతం కుటుంబాలవే. చేపలు ఎండబెట్టుకునే పేద ఇల్లాలికి పొదుపు పాఠాలు చెప్పడం అన్యాయం. తగ్గించుకోవలసింది ఏసీలు, కార్లు ఉన్న మనవంటివారం. విధానాలు, సదుపాయాలు తోడైతే ప్రజల వాడకంలో వచ్చే మార్పుల వల్ల 2050 నాటికి ఆ వాడకంతో ముడిపడిన రంగాల ఉద్గారాలను 40 నుంచి 70 శాతం వరకు తగ్గించవచ్చునని అదే నివేదిక చెబుతోంది. ‘తోడైతే’ అన్న ఆ షరతును మనం మరచిపోకూడదు.

డాబా ఇళ్లున్నవారికి నా మనవి ఒకటి. 2024లో మొదలైన సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సౌర పలకలకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. ఒక వీధిలో ఒకరు పలకలు పెట్టుకుంటే ఇరుగుపొరుగు కూడా పెట్టుకోవడం పెరుగుతుందని కాలిఫోర్నియాలో జరిపిన ఒక అధ్యయనం 2012లోనే చూపింది. అద్దె ఇళ్లలో ఉండేవారికి సొంత డాబా ఉండదు. వారి వాటా కోసం నగరపాలక పాఠశాలల మీద, కల్యాణ మండపాల మీద పలకలు పెట్టాలని వార్డు సమావేశాల్లో అడగవలసినవారు ఇప్పటికే తమ ఇంటి మీద పెట్టుకున్నవారే. మీటరు మార్చడానికి ఎన్నాళ్లు పట్టింది, దరఖాస్తు ఏ బల్ల మీద ఆగింది, బిల్లు ఎంత తగ్గింది అని అధికారులు ఎదురు ప్రశ్న వేస్తే, కాగితాలు చూపించి జవాబు చెప్పగలిగేది వారే.