ఆ ఎర్రపూల మిల్క్‌వీడ్ పీకేయండి

(డాలస్‌లో సద్దుల బతుకమ్మ సభలో చేసిన ప్రసంగం)

అమ్మలకూ, అక్కలకూ, అన్నలకూ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు వరసగా చదవడం మొదలుపెడితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే చాలవు. మన్నించండి. నా తర్వాత పిల్లల కోలాటం ఉంది, వాళ్ళు అప్పుడే కర్రలు పట్టుకుని నిలబడ్డారు.

మోనార్క్ సీతాకోకచిలుకల వలస ఎంత అద్భుతమో చెప్పమన్నారు. చెప్తాను. ముందు ఒక్కమాట: ఈ సీతాకోకచిలుకల గొంగళ్ళు తినే మొక్క మిల్క్‌వీడ్. పెరట్లో అది ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. పువ్వు కింద ఎర్రగా, మధ్యలో పసుపుగా రెండు రంగుల్లో ఉండేది ఎంతమందికి? చూశారా, ఇంచుమించు అవే చేతులు. దాని సంగతికి మళ్ళీ వస్తాను.

అరగ్రాము బరువుండే పురుగు ఈ మోనార్క్. కెనడా దక్షిణ ప్రాంతాల నుంచి, మిన్నెసోటా, అయోవాల నుంచి బయల్దేరి మెక్సికో మధ్యలోని మిచోవకాన్ కొండలకు పోతుంది. కొన్నిటికి అది 4,000 కిలోమీటర్ల పైమాటే. ఎండాకాలంలో పుట్టిన మోనార్కులు రెండు నుంచి ఆరు వారాలు బతికి, గుడ్లు పెట్టి పోతాయి. ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో పుట్టే తరం వేరు. పగళ్ళు కురచవుతాయి, రాత్రులు చల్లబడతాయి, దాంతో ఆ తరం జత కట్టడం వాయిదా వేసుకుని ఎనిమిది తొమ్మిది నెలలు బతుకుతుంది. పోయినేడు ఆ కొండ చూసినవి దీని తాతముత్తాతలు. ఇది ఒక్కసారీ చూడలేదు. అయినా పోయి అక్కడే దిగుతుంది.

దారి ఎట్లా తెలుస్తుంది? సూర్యుణ్ణి చూసి. కానీ సూర్యుడు పొద్దున తూర్పున, సాయంత్రం పడమట ఉంటాడు కదా, గడియారం లేకుండా దక్షిణం తేలదు. ఆ గడియారం తల మీది మీసాల్లో, అంటే యాంటెన్నాల్లో ఉంది. మీసాలకు నల్లరంగు పూస్తే దిక్కు తప్పాయి, పారదర్శకమైన రంగు పూస్తే తప్పలేదు. శాస్త్రజ్ఞుడు స్టీవెన్ రెపర్ట్ బృందం 2009లో తేల్చిన సంగతి ఇది.

అవి చలికాలం గడిపే చోటు 1975 జనవరిలో గానీ శాస్త్రజ్ఞులకు తెలియలేదు. టొరంటోలో ఫ్రెడ్ అర్కహార్ట్, ఆయన భార్య నోరా దశాబ్దాల తరబడి రెక్కలకు చీటీలు అంటిస్తూ వెతికితే, చివరికి వాళ్ళ తరఫున వెతుకుతున్న కెన్ బ్రగ్గర్, కాటలీనా అగ్వాడో మెక్సికోలోని సెర్రో పెలోన్ కొండ మీద చూశారు. సుమారు 3,000 మీటర్ల ఎత్తున, ఒయామెల్ ఫర్ చెట్ల కొమ్మలు కనబడకుండా పట్టేసి ఉన్నాయి. కనిపెట్టారు అంటారు గానీ, ఆ కొండ కింది రైతులకు అది కొత్తేం కాదు. ఏటా నవంబరు మొదట్లో, చనిపోయినవాళ్ళను తలుచుకునే పండగ రోజుల్లో దిగుతాయి కాబట్టి వాళ్ళకవి తిరిగొచ్చిన పెద్దల ఆత్మలు. మన బతుకమ్మ కూడా పెద్దలను తలుచుకునే పెత్రమాస నాడే మొదలవుతుంది, గుర్తుంది కదా.

ఎన్ని ఉన్నాయో ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేరు. చెట్ల మీద ఎన్ని హెక్టార్లు ఆక్రమించాయో కొలుస్తారు. 1996–97 చలికాలంలో 18 హెక్టార్లు. 2013–14లో 0.67. 2024–25లో 1.79. అమెరికా మధ్య రాష్ట్రాల్లో మొక్కజొన్న, సోయా చేలకు కలుపుమందు కొట్టి కొట్టి మిల్క్‌వీడ్ తుడిచిపెట్టుకుపోవడం పెద్ద కారణం. మోనార్క్ గొంగళి ఇంకో ఆకు ముట్టదు. మన జిల్లేడుకు దగ్గరి చుట్టమే మిల్క్‌వీడ్, అవే పాలు. ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకునే గొంగళి పిట్టల నుంచి తప్పించుకుంటుంది. కానీ అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన పిల్ల ఆ పాలల్లోనే ఇరుక్కుని చస్తుంది కూడా. అందుకే ముందు ఆకు మీద గుండ్రంగా గాడి కొరికి, పాలు ఆగాక ఆ వలయం లోపల తింటుంది. పెద్దదయ్యాక ఆకు కాడనే సగం కొరుకుతుంది, ఆకు వాలిపోతుంది, అప్పుడు కూర్చుని తింటుంది. రేపు మీ మొక్కకు వాలిపోయిన ఆకు కనబడితే నీళ్ళు తక్కువయ్యాయనుకోకండి, కింద వెతకండి.

ఇక ఎర్రపూల సంగతి. అది ట్రాపికల్ మిల్క్‌వీడ్, ఈ నేలది కాదు. నర్సరీల్లో ఎక్కడ చూసినా అదే, ఎందుకంటే విత్తితే వారంలో మొలుస్తుంది, మొదటి ఏడే పూస్తుంది. మామూలుగా ఇక్కడి మిల్క్‌వీడ్‌లు చలికి నేలమట్టమై వసంతంలో మళ్ళీ లేస్తాయి. ఇది గట్టి మంచు పడితే తప్ప చావదు. హ్యూస్టన్ వైపయితే చలికాలమంతా పచ్చగానే ఉంటుంది. ఉంటే ఏం పోయింది అంటారా? పోయేదంతా అక్కడే ఉంది. ఓఈ అనే పరాన్నజీవి ఉంది. రోగమున్న తల్లి గుడ్డు పెడుతూ కంటికి కనబడని బీజాలు ఆకు మీద రాలుస్తుంది. గొంగళి వాటిని తింటుంది. ప్యూపా లోపల అవి వేలరెట్లు పెరుగుతాయి. బయటికొచ్చే సీతాకోకచిలుకకు రెక్కలు విచ్చుకోవు, ప్యూపాకే అతుక్కుపోతుంది. రోగం తక్కువుంటే ఎగురుతుంది గానీ దూరం పోలేదు. మామూలు మొక్క చలికి రాలిపోయినప్పుడు బీజాలూ దాంతోపాటే పోతాయి. ఇది రాలదు, బీజాలు పేరుకుంటూ ఉంటాయి. పైగా దారిలో పోయేవాటిలో కొన్ని దీన్ని చూసి, ప్రయాణం మానేసి ఇక్కడే గుడ్లు పెడతాయి. ప్రేమతో నాటిన మొక్కే వాటికి ఎసరు పెడుతుంది.

కంగారుపడి నారింజ పూలవన్నీ పీకేయకండి. ఒక ఆకు తుంచండి. ఆకు నునుపుగా ఉండి పాలు కారితే ట్రాపికల్. నూగుగా ఉండి, పాలు లేకపోతే అది బటర్‌ఫ్లై వీడ్, మన నేలదే, ఉంచండి. ట్రాపికల్‌ను వేళ్ళతో సహా తీసేయండి. మనసొప్పకపోతే అక్టోబరులో నేల నుంచి ఆరంగుళాలకు నరికేయండి, చిగురేస్తే మళ్ళీ నరకండి, ఫిబ్రవరి దాకా.

దాని బదులు ఇక్కడి మిల్క్‌వీడ్ రకాలే అయిన గ్రీన్ యాంటిలోప్‌హార్న్, బటర్‌ఫ్లై వీడ్ వేయండి. ఏప్రిల్‌లో ప్యాకెట్ విప్పి చల్లితే మొలవవు, మొలవలేదని మళ్ళీ ట్రాపికల్ కొనుక్కొస్తారు. ఆ విత్తనానికి తడితో కూడిన చలి తగలాలి. నవంబరులో పావు అంగుళం లోతున విత్తి వదిలేస్తే చలికాలమే ఆ పని చేసిపెడుతుంది. లేదా తడి ఇసుకలో కలిపి నెలకు పైగా ఫ్రిజ్‌లో పెట్టండి, పచ్చళ్ళ సీసాల పక్కనే పెట్టుకోవచ్చు. తల్లివేరు లోతుకు పోతుంది కాబట్టి తర్వాత చోటు మార్చకండి. పూయడానికి రెండు మూడేళ్ళు. నడి ఎండల్లో యాంటిలోప్‌హార్న్ పైన ఎండిపోయి పడుకుంటుంది, చచ్చిందని తవ్వకండి.

ఇంకొకటి, ఇది మన ఇళ్ళకే ప్రత్యేకం. కరివేపాకుకు కొట్టే వేపనూనె, వంగకు కొట్టే బీటీ అనే బ్యాక్టీరియా మందు మిల్క్‌వీడ్ మీద పడకూడదు. రెండూ గొంగళిని చంపుతాయి. మిల్క్‌వీడ్‌కు పట్టే పసుపు పేనును, గుడ్లు లేవని చూసుకుని, నీళ్ళపైపుతో కొట్టండి, చాలు. జిల్లేడు విత్తనాలు ఊరి నుంచి సూట్‌కేసులో తెద్దామనే ఆలోచన మాత్రం వద్దు. కస్టమ్స్‌లో ఇబ్బంది, ఇక్కడి చలికి బతకదు కూడా.

ఇవాళ్టి విన్నపం ఒకటుంది. మోనార్కులు డాలస్ మీదుగా పోయేది ఈ అక్టోబరులోనే. ఇక్కణ్ణుంచి ఇంకా సుమారు 1,500 కిలోమీటర్లు. మార్చి దాకా బతకడానికి కావలసిన కొవ్వులో ఎక్కువ భాగం టెక్సాస్, ఉత్తర మెక్సికో పూలలోనే తాగి పోగేసుకుంటాయి. మనమేమో ఈ వారమే పెరడంతా దులిపి బతుకమ్మ పేరుస్తాం. పేర్చండి, కానీ ప్రతి ఇంట్లో ఒక్క వరస జినియా, రేకబంతి కోయకుండా నెలాఖరు దాకా ఉంచండి. ముద్దబంతి పూర్తిగా కోసుకోండి, దాంట్లో వాటికి అందే తేనె తక్కువ. నీడ ఉన్నచోట ఫ్రాస్ట్‌వీడ్ అనే పూలమొక్క వేస్తే ఇంకా మంచిది, సరిగ్గా ఇప్పుడే పూస్తుంది.

ప్రసాదం బల్ల పక్కన యాంటిలోప్‌హార్న్ విత్తనాల పొట్లాలున్నాయి, ఇంటికొకటి. పిల్లల చేతికివ్వకండి, కారులోనే ఒలకబోస్తారు. కోలాటం వాళ్ళు రావచ్చు.