కొత్త బ్యాటరీకి తొలి ఛార్జింగ్

శ్రోతలకు నమస్కారం.

మోటారు సైకిల్ బ్యాటరీ చెప్పాపెట్టకుండా పోయేది చాలా అరుదు. ఉదయం సెల్ఫ్ నొక్కితే ఇంజను తిరగదు, సీటు కింద నుంచి టకటకమని చప్పుడు మాత్రం వస్తుంది. హారన్ జలుబు చేసిన గొంతులా మూలుగుతుంది. ఇండికేటర్ వెలిగిన ప్రతిసారీ మీటరులోని దీపం మసకబారుతుంది. నాలుగు రోజులు కిక్కు కొట్టి నెట్టుకొస్తాం, అయిదో రోజున దుకాణానికి వెళ్లి కొత్త బ్యాటరీ కొంటాం, అక్కడికక్కడే బిగించుకుని ఇంటికి వచ్చేస్తాం. ఆ అక్కడికక్కడే బిగించుకోవడం గురించే ఈ రోజు ముఖ్యంగా మాట్లాడదలచుకున్నాను.

పాలిటెక్నిక్ పిల్లలకు ఏళ్ల తరబడి బ్యాటరీ పాఠం చెప్పిన నేనే ఈ తప్పు చేశాను. కొన్నేళ్ల కిందట నా బండికి కొత్త బ్యాటరీ కొన్నప్పుడు దుకాణంలోని కుర్రవాడు పెట్టె విప్పి, ఆరు రంధ్రాల్లో సీసాతో యాసిడ్ పోసి, మూతలు బిగించి, గుడ్డతో తుడిచి, బండిలో పెట్టి ఇచ్చాడు. నేను టీ తాగి వచ్చేలోపల పని అయిపోయింది. ఎంత చురుకైన కుర్రవాడో అని సంతోషించాను కూడా. ఎనిమిది నెలలు తిరగకుండానే అది డౌన్ అయింది. మా వీధి చివర బ్యాటరీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకువెళితే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, కొన్నప్పుడు దీన్ని ఛార్జింగ్ పెట్టారా?" అని అడిగాడు. కొత్తదానికి ఛార్జింగ్ ఎందుకన్నాను. "అంటే పురిటి బిడ్డకు పాలు పట్టకుండానే పొలం పనికి పంపారన్నమాట" అన్నాడాయన. నల్లబల్ల మీద నేను రాసిన రసాయన సమీకరణాలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

అవేమిటో కాస్త విప్పి చెబుతాను. ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు రేకులను గంధకామ్లంలో (బ్యాటరీలో పోసే యాసిడ్ ఇదే) ముంచి, తిరిగి ఛార్జ్ చేసుకోగల మొదటి బ్యాటరీని తయారుచేశాడు. ఆ రేకులు విద్యుత్తును సరిగా నిలువ చేసుకోవాలంటే వాటిని చాలాకాలం పాటు ఛార్జ్ చేస్తూ, ఖాళీ చేస్తూ, మళ్లీ ఛార్జ్ చేస్తూ పదును పెట్టవలసి వచ్చేది. ఇప్పుడు మన తిరుపతి పక్కన కరకంబాడిలో ఉన్నటువంటి కర్మాగారాల్లో ఆ రేకులకు, అంటే ప్లేట్లకు, ఆ పని ముందే చేసేస్తారు. యాసిడ్ పోయకుండా పొడిగా అమ్మే రకంలో, అలా ఛార్జ్ చేసిన ప్లేట్లను ఆరబెట్టి, గాలి తగలకుండా మూసి పంపుతారు. దుకాణంలో యాసిడ్ పోసిన వెంటనే దానికి ప్రాణం వస్తుంది కానీ, నిండుగా రాదు. సుమారు 80 శాతం దగ్గర ఆగుతుంది. మిగిలిన ఆ 20 శాతాన్ని నింపకుండా బండికి తగిలిస్తే, సీసమూ యాసిడూ కలిసి ఏర్పడి, ప్లేట్లలో మారకుండా మిగిలిన లెడ్ సల్ఫేట్ రోజులు గడిచేకొద్దీ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. అలా గట్టిపడినది ఆ తరవాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు. అంటే ఆ బ్యాటరీ జీవితాంతం ముప్పాతిక బ్యాటరీగానే ఉంటుంది, డబ్బు మాత్రం మనం పూర్తిగా ఇచ్చాం.

కొనే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. పోయింది బ్యాటరీయేనా? ఇంజను నడుస్తున్నప్పుడు మాగ్నెటోలో పుట్టే విద్యుత్తును రెక్టిఫయర్, రెగ్యులేటర్ కలిసి ఉన్న చిన్న పెట్టె సరిచేసి బ్యాటరీకి పంపుతుంది. మెకానిక్కులు దీన్ని ఆర్ఆర్ యూనిట్ అంటారు. కొద్ది వందల రూపాయలకు దొరికే మల్టీమీటరును బ్యాటరీ టెర్మినళ్లకు తాకించి, బండి స్టార్ట్ చేసి, ఎక్సిలరేటర్ కొంచెం పెంచి చూడండి. 13.5 వోల్టులకూ 14.5 వోల్టులకూ మధ్య కనిపిస్తే బండి తన పని తాను చేస్తున్నట్టే. రీడింగు 13కి దిగువనే ఉండిపోతే బ్యాటరీకి తిండి అందడం లేదు, 15 దాటితే యాసిడ్‌లోని నీరు వాయువుగా మారి తరిగిపోతోంది. ఈ రెంటిలో ఏది నిజమైనా, కొత్త బ్యాటరీ కూడా పాతదాని దారే పడుతుంది కాబట్టి ముందు ఆ యూనిట్ సంగతి చూసుకోవాలి.

ఎంపికలో మొదటి నియమం చాలా సాదా అయినది: బండితో వచ్చిన బ్యాటరీ మీద ఏ వోల్టు, ఏ ఆంపియర్ అవర్, ఏ కోడ్ ఉన్నదో, చివరి అక్షరంతో సహా కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆంపియర్ అవర్‌ను దుకాణాల్లో ఏహెచ్ అంటారు, అది బ్యాటరీ కడుపు ఎంతో చెప్పే సంఖ్య. 100 సీసీ బండ్లకు ఇది సాధారణంగా 2.5 నుంచి 4 వరకు, అంతకంటే పెద్ద బండ్లకు 5 నుంచి 9 వరకు ఉంటుంది. సెల్ఫ్ ఉన్న పాత బుల్లెట్లలో 14 కూడా చూస్తాం. కోడ్ చివరి అక్షరాన్ని చిన్నచూపు చూడకండి, ప్లస్ టెర్మినల్ ఏ పక్కన ఉంటుందో చాలా కోడ్‌లలో అలాంటి అక్షరమే చెబుతుంది. అది తారుమారైతే తీగ అందక లాగి బిగించవలసి వస్తుంది, ఆ లాగుడులో ప్లస్ వైపు ఎర్రతీగ బండి ఇనుప చట్రానికి, అంటే ఛాసిస్‌కు రాసుకుంటే నిప్పురవ్వలు వస్తాయి. పెద్ద ఏహెచ్ వేస్తే ఎక్కువకాలం మన్నుతుందని కొందరు మెకానిక్కులు చెబుతారు. నాకు ఆ సలహా నచ్చదు. మాగ్నెటో ఇచ్చేది ఎప్పటిలాగే ఇస్తుంది, బిందె పెద్దదైనంత మాత్రాన కుళాయి ధార పెరగదు.

ఇక రకం. యాసిడ్ కనిపించే పాత రకంలో డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ ఉండాలి. మెయింటెనెన్స్ ఫ్రీ అని అమ్మే సీలు వేసిన రకంలో యాసిడ్‌ను గాజు పీచు దిండు పీల్చుకుని పట్టి ఉంచుతుంది, లోపల పుట్టిన ఆక్సిజన్ లోపలే నీరుగా మారిపోతుంది. దాని మూత ఎప్పుడూ పీకకూడదు. నీళ్ల సంగతి మరిచిపోయేవారికి సీలు వేసినదే మంచిది, అంటే మనలో చాలామందికి. లిథియం బ్యాటరీలు తేలికగా ఉంటాయి కానీ ధర ఎక్కువ, వాటికి తగిన ఛార్జర్ వేరు. మామూలు బండికి వాటి అవసరం నాకైతే కనిపించదు.

దుకాణంలో అడగవలసినవి రెండు. మొదటిది తయారైన తేదీ. ఫ్యాక్టరీలోనే యాసిడ్ నింపిన బ్యాటరీ అలమారలో ఊరకే కూర్చున్నా తనలో తాను ఖాళీ అవుతూనే ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ అది ఇంకా తొందరగా జరుగుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో వేసవంతా రేకుల షెడ్డులో పడి ఉన్నది మూడు నెలలది అయినా ముసలిదే. రెండవది, మీ కళ్ల ముందే మీటరు పెట్టించండి. సీలు వేసిన కొత్త బ్యాటరీ 12.8 దరిదాపుల్లో చూపించాలి. 12.4కి తక్కువ ఉంటే మరొకటి ఇమ్మనండి, మొహమాటపడకండి. వారంటీ కార్డులో ఉచితంగా మార్చి ఇచ్చే నెలలు ఎన్ని, ప్రో రేటా నెలలు ఎన్ని అన్నది విడివిడిగా చూసుకోండి. ఆ రెండో భాగంలో కొత్త బ్యాటరీ ధరలో కొంత తగ్గింపు మాత్రమే దొరుకుతుంది.

ఇప్పుడు అసలు పని. పొడిగా వచ్చిన బ్యాటరీలో యాసిడ్ పోశాక అరగంట నుంచి గంట వరకు కదపకుండా ఉంచాలి. ప్లేట్లు యాసిడ్‌ను పీల్చుకుంటాయి, మట్టం కొంచెం దిగుతుంది, మూతలు లేని రంధ్రాల్లోంచి బుడగలు వస్తాయి, చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. ఆ తరవాత దిగినంత మేరకు యాసిడ్‌నే పై గీత దాకా పోసుకోవచ్చు. ఆ రోజు దాటిన తరవాత ఇక ఎప్పుడు మట్టం తగ్గినా పోయవలసింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, ఎందుకంటే తగ్గేది నీరు, యాసిడ్ కాదు. బోరు నీళ్లు పోసినవారి బ్యాటరీ ప్లేట్ల మీద ఆ నీటిలోని లవణాలు ఏం చేస్తాయో మా పెద్దాయన ఒక విప్పిన బ్యాటరీలో చూపించాడు. గోడకు పెచ్చులు ఊడినట్టు ప్లేట్లు ఊడి అడుగున బురదగా పడి ఉన్నాయి.

ఛార్జింగ్ కరెంటు ఎంత ఉండాలన్నదానికి గుర్తుపెట్టుకోదగిన లెక్క ఒక్కటే: ఏహెచ్‌లో పదో వంతు. 5 ఏహెచ్ బ్యాటరీకి అర ఆంపియరు. చాలా బ్యాటరీల మీద ఈ సంఖ్య గంటలతో సహా ముద్రించే ఉంటుంది, మనం చదవం. సగం ఖాళీగా ఉన్న 5 ఏహెచ్ బ్యాటరీకి కావలసింది 2.5, దాన్ని అర ఆంపియరు చొప్పున ఇస్తే అయిదు గంటలు, మధ్యలో వృథా అయ్యేది కలుపుకుంటే ఆరు గంటలు. ఇంత నెమ్మది ఎందుకంటే, ప్లేటు స్పాంజిలా చిన్న చిన్న రంధ్రాలతో ఉంటుంది, లోతున ఉన్న పదార్థం మారుతూ ఉండగా అక్కడి యాసిడ్ బయటికి రావడానికి, బయటిది లోపలికి పోవడానికి వ్యవధి కావాలి. కరెంటు ఎక్కువ ఇస్తే పైపొర మాత్రం నిండి, మీటరులో మంచి అంకె కనిపిస్తుంది, లోపల మాత్రం బియ్యం ఉడకని అన్నంలా ఉంటుంది.

ఇక్కడే దుకాణాల్లో ఒక చిక్కు ఉంది. చాలా చోట్ల కారు బ్యాటరీలు, ట్రాక్టరు బ్యాటరీలు, బండి బ్యాటరీలు అన్నింటినీ ఒకే వరుసలో, ఒకదాని ప్లస్‌ను మరొకదాని మైనస్‌కు తగిలించి ఛార్జింగ్ పెడతారు. వరుసలో ఉన్నవాటన్నింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది కాబట్టి, కారు బ్యాటరీకి సరిపోయే నాలుగైదు ఆంపియర్లు పక్కనున్న చిన్నదానిలోనూ పారతాయి, అది పొయ్యి మీద పెట్టినట్టు కాగిపోతుంది. మీ బ్యాటరీని ఆ వరుసలో చూస్తే, దాన్ని విడిగా, తక్కువ కరెంటు మీద పెట్టమని అడగండి. లేదా నిండగానే తనంతట తానే తగ్గిపోయే చిన్న ఆటోమేటిక్ ఛార్జరు ఒకటి కొనుక్కోండి. ఛార్జింగ్ జరుగుతుండగా పెట్టె చేతికి కాలేంత వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ పెట్టాలి.

ఛార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వెలువడుతుంది, అది చిన్న రవ్వకు కూడా అంటుకుంటుంది. గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా పెట్టండి, దగ్గర బీడీ వెలిగించకండి. ఛార్జరు క్లిప్పులు ముందు తగిలించి తరవాతే స్విచ్ వేయండి, తీసేటప్పుడు స్విచ్ ఆపిన తరవాతే క్లిప్పులు తీయండి. యాసిడ్ చర్మం మీద పడితే వెంటనే బాగా నీళ్లతో కడగండి, కంట్లో పడితే ఓ పావుగంట ధారగా నీళ్లు పోస్తూ, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నిండిన బ్యాటరీని ఛార్జరు నుంచి తీసీ తీయగానే మీటరు పెడితే 13కి పైన చూపిస్తుంది. దాన్ని నమ్మకండి, అది పైపై మెరుపు. కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా వదిలి ఉదయం చూడండి. యాసిడ్ పోసే రకంలో 12.6 దాటితే నిండినట్టు, 12.2 అంటే సగం, 12 అంటే దాదాపు ఖాళీ. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ తరవాత. విప్పేటప్పుడు మైనస్ ముందు. మైనస్ తీగ ఛాసిస్‌కే కలిపి ఉంటుంది కాబట్టి, అది తీసి ఉంటే పానా జారి ఇనుప ఛాసిస్‌కు తగిలినా ఏమీ కాదు. యాసిడ్ పోసే రకానికి పక్కన ఒక చిన్న గొట్టం ముక్కు ఉంటుంది, కొత్తదానిలో దాన్ని ఒక రబ్బరు మూతతో మూసి పంపుతారు. ఆ మూత తీయడం మరిచిపోతే గ్యాస్ బయటికి పోయే దారి లేక పెట్టె ఉబ్బుతుంది, ఒక్కొక్కసారి పగులుతుంది. తీసిన తరవాత గొట్టాన్ని చైను మీద కారకుండా కిందికి వదలాలి.

"బండి తోలితే అదే నిండుతుంది కదా" అని అంటారు. ఒకప్పుడు ఆ మాటలో కొంత నిజముండేది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాల హెడ్‌లైటు పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. 35 వాట్ల బల్బు ఒక్కటే దాదాపు 3 ఆంపియర్లు తినేస్తుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లోనో బెంజి సర్కిల్ దగ్గరో ఇంజను అయిడిలింగ్‌లో ఉన్నప్పుడు మాగ్నెటో ఇచ్చేదే కొంచెం, అందులో బ్యాటరీకి మిగిలేది నామమాత్రం. దానికి తోడు 2020లో బీఎస్ 6 అనే కాలుష్య నియంత్రణ నిబంధనలు వచ్చాక చాలా బండ్లకు కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, కొన్నిటికి కిక్కు రాడ్డు కూడా తీసేశారు. ఆ ఇంజెక్షన్‌ను నడిపే పెట్రోలు పంపుకూ చిన్న కంప్యూటరుకూ కరెంటు లేకపోతే తోసి స్టార్ట్ చేసే పాత ఉపాయం కూడా చాలాసార్లు పనిచేయదు.

ఊరెళ్లి నెలల తరబడి బండి ఇంట్లో వదిలేవారు మైనస్ తీగ విప్పి వెళ్లాలి, ఇంట్లోవాళ్లు నెలకోసారి ఛార్జింగ్ పెడితే ఇంకా మంచిది. 2020 లాక్‌డౌన్ తరవాత బ్యాటరీ దుకాణాల ముందు కనిపించిన వరుసలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ వరుసలకు కారణం అలా ఖాళీగా పడి ఉండి, లోపల లెడ్ సల్ఫేట్ గట్టిపడిన బ్యాటరీలే.

పాత బ్యాటరీని కొత్తది కొన్నచోటే ఇచ్చేయండి, ధరలో తగ్గిస్తారు. తయారీదారులు వాటిని తిరిగి సేకరించి శుద్ధి చేయించాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. లోపలి యాసిడ్‌ను మురిక్కాలువలో పారబోసి, ఖాళీ పెట్టెను పాత ఇనుము వాడికి అమ్మకండి. లోపలి ప్లేట్లలోని సీసం (లెడ్) విషం, దాన్ని పెరట్లో కరిగించే ఇళ్లలో పసిపిల్లలు కూడా ఉంటారు.

నమస్కారం.