గోడ ఒకటి, హద్దు మరొకటి

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఏప్రిల్ 10 సర్వే దినం. 1802లో ఇదే రోజున విలియం లాంబ్టన్ అనే తెల్లదొర, దేశాన్ని కొలిచే పెద్ద సర్వే కోసం మద్రాసులో బేస్‌లైన్, అంటే మిగతా కొలతలకి ఆధారమైన మొదటి గీత, కొలవడం మొదలుపెట్టాడు. ఆయన గురించి మాట్లాడమనే నన్ను పిలిచారు. కానీ విశాఖలో నిలబడి నేవీ హద్దుల మాటెత్తకుండా సర్వే గురించి మాట్లాడటం నా వల్ల కాదు, మన్నించాలి.

సింధియా, మల్కాపురం, నేవీ ఆయుధాల డిపో ఎన్‌ఏడీ, నేవీ విమాన స్థావరం డేగా చుట్టుపక్కల ఎటెళ్ళినా గోడ, దాని మీద ముళ్ళకంచె. ఆ గోడే హద్దనుకుంటాం. కాదండీ. హద్దులు మూడు. రికార్డుల్లో రక్షణ శాఖ పేరున్న భూమి అంచు ఒకటి. గోడ రెండోది. గెడ్డో బండో అడ్డొస్తే గోడని లోపలికి జరిపి కడతారు, బయట మిగిలింది కూడా వాళ్ళ జాగాయే. మూడోది కంటికి కనపడదు. 1903 నాటి రక్షణ కట్టడాల చట్టం కింద నోటిఫై చేస్తే 2000 గజాల దాకా మన సొంత స్థలంలో కట్టడాలకీ ఆంక్షలు పెట్టొచ్చు. మ్యాపు గీసేవాళ్ళు శాటిలైట్ ఫొటోలో గోడ వెంట గీత గీసి లోపలంతా రంగు పూస్తే, ఈ మూడింట్లో ఏది గీసినట్టు?

మా వదిన సంగతి కొందరు ఇదివరకే విన్నారు, మళ్ళీ వినండి. 150 గజాల స్థలం, ఆవిడ పేరు మీదే దస్తావేజు. అమ్మబోతే, "ఇది 22ఏలో ఉందమ్మా" అన్నారు. అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా! ఆ సర్వే నంబర్లో ఓ మూల రక్షణ శాఖ తీసుకుంది. సబ్‌డివిజన్ చేసి, అంటే నంబర్ని ముక్కలుగా విడగొట్టి, ఆ మూల వరకే రాయకుండా నంబరు మొత్తం ఎక్కించేశారు. ఒక ఆఫీసు ఎన్‌ఓసీ తెమ్మంది. ఎన్‌ఓసీ ఇచ్చేవాళ్ళు స్కెచ్ తెమ్మన్నారు. స్కెచ్ రావాలంటే జాయింట్ సర్వే జరగాలి, దానికి రెండు శాఖలవాళ్ళూ ఒకే రోజు రావాలి. ఆ రోజే రాలేదు. ఆ డబ్బు వస్తుందని కొడుకు ఫ్లాటుకి కట్టిన అడ్వాన్సు పోయింది. "నువ్వూ సర్వే గొలుసు లాగి భూములు కొలిచినవాడివే కదయ్యా" అంటుందావిడ. ఏం చెప్పమంటారు?

అడిగితే రహస్యం అంటారు. లోపల ఏముందో రహస్యమే, ఉండాలి కూడా. కుర్రాళ్ళూ, మ్యాపులు గీసే సరదాతో ఫోన్ పట్టుకుని ఆ గోడ వెంట తిరగకండి, డ్రోన్ అసలే వద్దు. 1923 అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. పైగా ఫోన్ జీపీఎస్ మీటర్ల కొద్దీ తేడా చూపిస్తుంది, దాంతో హద్దు తేలదు. కానీ అంచు ఎక్కడుందో చెప్పడం రహస్యం ఎలా అవుతుందండీ? తెల్లవాడు రాసిన ఆ 1903 చట్టమే, మైలుకు ఆరంగుళాలకు తగ్గని స్కేలులో స్కెచ్ గీసి, దాన్ని ఎక్కడ చూసుకోవచ్చో ప్రకటనలోనే రాయమంది!

దేశమంతా 17.78 లక్షల ఎకరాల రక్షణ భూమి సర్వే పూర్తయిందని 2022 జనవరిలో ప్రకటించారు. డీజీపీఎస్, టోటల్ స్టేషన్ లాంటి కచ్చితంగా కొలిచే పరికరాలు, డ్రోన్లు అన్నీ వాడారు. సంతోషం. ఆ గీత సబ్ రిజిస్ట్రార్ కంప్యూటర్లోకి కూడా దిగాలి కదా!

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, అయిపోయిందండీ. మల్కాపురం, గాజువాక వైపు నుంచి వచ్చినవాళ్ళు ఒక్కసారి చేతులెత్తండి. ఇంతమంది ఉన్నారా! మీ దస్తావేజు జిరాక్సు, ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే నంబరు కొలతల పటం, నకలు తీసుకుని సోమవారం కలెక్టరేట్‌కి రండి. గ్రీవెన్స్‌లో సబ్‌డివిజన్ అర్జీలన్నీ ఒకేసారి పెడదాం. మా వదిన కూడా వస్తుంది.