పెన్సిల్ కన్నా ముందు మక్కకంకి

(హనుమకొండలో ప్రీ స్కూల్ టీచర్ శిక్షణలో చేరిన విద్యార్థులతో చేసిన ప్రసంగం)

చెల్లెళ్లకు, వెనక వరుసలో కూర్చున్న తమ్ముళ్లకు నమస్తే.

ఇందాక మెట్ల దగ్గర ఒక అమ్మాయి నన్ను ఆపి అడిగింది: "మేడం, చిన్నపిల్లలకు అ ఆలు చెప్పడానికి రెండేళ్ల ట్రైనింగ్ ఎందుకు? మా అక్క ఏ ట్రైనింగ్ లేకుండానే చెప్తోంది కదా!" ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టి, ఇవాళ ఆ అమ్మాయికే జవాబు చెప్తాను.

నేను బడిలో చేరిన మొదటి ఏడాది. నర్సరీలో ఒక బాబు ఉండేవాడు, మూడేళ్లు నిండి రెండు నెలలు. వాళ్ల నాయన ఏనుమాముల మార్కెట్‌లో హమాలీ. కొడుకు తొందరగా రాయాలని ఆయన ఆశ, రాయించాలని నా తొందర. రోజూ పలక మీద 'అ' దిద్దించేదాన్ని. వాడు బలపాన్ని పిడికిట్లో బిగించి, భుజమంతా ఊపి గీసేవాడు. బలపం విరిగేది. నేను వాడి వేళ్లు విప్పి, మళ్లీ సరిగ్గా పట్టించి దిద్దించేదాన్ని. పది రోజులు తిరిగేసరికి, నన్ను చూడగానే వాడు రెండు చేతులూ వెనక్కి దాచుకోవడం మొదలుపెట్టాడు.

ఆ దాచుకున్న చేతులు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మా బడిలో ఆయమ్మ ఉండేది. ఒకరోజు ఇంటి నుంచి ఎండిన మక్కకంకులు తెచ్చి, వాడి ముందు ఒకటి పెట్టింది. నేను చూస్తూ కూర్చున్నా. వాడు గింజ లాగాడు, రాలేదు. గోటితో గీరాడు, రాలేదు. ఆయమ్మ కంకి తీసుకుని పైనుంచి కింద దాకా ఒక్క వరుస మాత్రం ఒలిచి, మళ్లీ వాడి చేతికిచ్చింది. ఒక వరుస ఖాళీ అయితే పక్క గింజను బొటనవేలితో నెడితే చాలు, రాలిపోతుంది. మన ఇళ్లలో మక్కలు ఒలిచినవాళ్లకు తెలిసిన సంగతే. వాడు నెట్టాడు. గింజ టప్పున గిన్నెలో పడింది. ఇంకోటి. తల ఎత్తకుండా సగం కంకి ఒలిచాడు.

ఆయమ్మ పూర్తిగా ఒలిచి ఇవ్వలేదు, 'నువ్వే చేసుకో' అని వదిలెయ్యనూ లేదు. ఎంత సాయం చేస్తే మిగతాది వాడు చేసుకోగలడో అంతే చేసింది. తర్వాత నేను ట్రైనింగ్‌లో పుస్తకాలు చదివి నేర్చుకున్నది కూడా చాలావరకు ఇదే.

మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తటి మృదులాస్థి మాత్రమే. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. మూడేళ్ల పిల్లకు ఆ పని ఇంకా సగం కూడా కాదు. అలాంటి చేతితో నాలుగు గీతల కాపీ పుస్తకం రాయించడం, మొలకకు పందిరి బరువు మోపడమే. ఆ చేతికి కావలసింది మక్కలు ఒలవడం, పిండి పిసకడం, పల్లికాయలు కొట్టడం, పూసలు గుచ్చడం, చింతగింజలు ఏరడం. దసరా తర్వాత మా బాబు బలపాన్ని మూడు వేళ్ల మధ్యకు తెచ్చుకున్నాడు. వాడికి ఎవరూ పట్టించలేదు.

అమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఇది. అ ఆలు చెప్పడం మీ అక్కకు వచ్చు, సందేహం లేదు. ఏ పిల్ల దేనికి సిద్ధంగా ఉందో చూడటం మాత్రం నేర్చుకుంటే తప్ప రాదు. నాకు రాలేదు. ఆ బాబు పది రోజులు బాధపడ్డాడు.

ఇక చదువు సంగతి. పిల్లల భవిష్యత్తే కాదు, మీ భవిష్యత్తు కూడా నాకు ముఖ్యం, అందుకని చెప్తున్నా. నేను మొదట చేసింది ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు. ఆ సంస్థ పేరు చెప్పను. చార్టులు కత్తిరించడం నేర్పారు, ఒక్కరోజు కూడా పిల్లల మధ్య కూర్చోబెట్టలేదు. తర్వాత ఒక ఉద్యోగానికి వెళ్తే ఆ కాగితం చెల్లదన్నారు. మా అమ్మ పుస్తెలతాడు కుదువబెట్టి కట్టిన ఫీజు అది. ఆ రోజు ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో!

టీచర్ శిక్షణకు నియమాలు పెట్టే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ. దాని 2014 నిబంధనల ప్రకారం ప్రీ ప్రైమరీ టీచర్‌కు ఇంటర్‌లో 50 శాతం మార్కులు, దాని మీద కనీసం రెండేళ్ల ప్రీ స్కూల్ డిప్లొమా ఉండాలి. మన రాష్ట్రంలో ఆ డిప్లొమాను డీపీఎస్ఈ అంటారు, అందులో సీటు డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా వస్తుంది. ఇంట్లో మీ వెనక చెల్లెళ్లుంటే చెప్పండి: ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. ఇంకో మాట, చాలామంది పొరపాటు పడేది. డీపీఎస్ఈతో ఎస్జీటీ పోస్టుకు, అంటే సర్కారు ప్రాథమిక బడిలో టీచర్ పోస్టుకు, అర్హత రాదు. దానికి ప్రాథమిక తరగతుల టీచర్ డిప్లొమా, డీఎల్ఈడీ కావాలి. టెట్ అనే టీచర్ అర్హత పరీక్ష కూడా 1 నుంచి 8 తరగతుల టీచర్ల కోసం పెట్టిందే, నర్సరీ టీచర్ల కోసం కాదు. ఇవి తెలిసి చేరితే తర్వాత టెన్షన్ ఉండదు.

జీతాల గురించి మీ మనసులో ఉన్నది నాకు తెలుసు. చాలా ప్రైవేటు బడుల్లో అందరికన్నా తక్కువ జీతం నర్సరీ టీచర్‌దే. ఇది అన్యాయం. ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానమే రాసుకుంది. ఆ మాట నిజమని నమ్మేవాళ్లు ఆ పిల్లల టీచర్‌కు ఇచ్చే జీతంలో దాన్ని చూపించాలి. నేను ప్రతి మీటింగ్‌లో ఇది అడుగుతూనే ఉంటాను, మీరూ అడగాలి.

మీలో కొందరికి మహబూబాబాద్ వైపు, ములుగు వైపు పిల్లలు వస్తారు. నేను ఒక తండాలో పనిచేసినప్పుడు ఒక పాప "యాడీ, యాడీ" అని ఏడ్చింది. ఏదో ఆడాలంటోందని బంతి ఇచ్చాను. లంబాడీలో యాడి అంటే అమ్మ. అమ్మ కోసం ఏడ్చే పిల్లకు బంతి ఇచ్చానన్నమాట. ఆ సాయంత్రమే వాళ్ల అవ్వ దగ్గర కూర్చుని ఇరవై మాటలు రాసుకున్నా: అమ్మ, నీళ్లు, ఆకలి, నొప్పి, భయం, ఇల్లు... తెలుగు మెల్లగా వస్తుంది. ముందు మనకు ఆ పిల్ల మాట రావాలి.

వెనక కూర్చున్న తమ్ముళ్లకు ఒక మాట. ఇది ఆడవాళ్ల పని అని మీ దోస్తులు అంటూ ఉండొచ్చు. గుజరాత్‌లో గిజూభాయి బధేకా వకీలుగా పనిచేసి, 1920లో భావ్‌నగర్‌లో చిన్నపిల్లల కోసం బాలమందిరం మొదలుపెట్టాడు. అక్కడి జనం ఆయన్ను 'మీసాల అమ్మ' అని ప్రేమగా పిలుచుకున్నారు. మీరు సరైన చోటికే వచ్చారు.

సరే, సోమవారం నాకు ఒక పని చేసిపెట్టండి. మీ వాడలోని అంగన్‌వాడీకి వెళ్లి, అక్కడి టీచరమ్మను అడిగి ఒక మూలన కూర్చోండి. ఒక్క పిల్లనే ఎంచుకుని పది నిమిషాలు ఆ పిల్ల చేతులు చూడండి. ఏం పట్టుకుంది, ఏ వేళ్లతో పట్టుకుంది, ఏది జారిపోయింది, జారితే ఏం చేసింది... అంతే రాయండి. 'తెలివైన పిల్ల', 'మొండి పిల్ల' అని రాయొద్దు. మంగళవారం ఆ కాగితాలు ముందు పెట్టుకునే మన మొదటి క్లాసు మొదలుపెడదాం. వస్తూ వస్తూ తలా ఒక మక్కకంకి తెచ్చుకోండి.