అర్గో కొండల్లో గోధుమ, గసగసాలు

సభకు నమస్కారం. అఫ్ఘానిస్థాన్ అనగానే మనకు తుపాకులే గుర్తొస్తాయి. ఈ పూట నేను అక్కడి రైతు గురించి మాట్లాడతాను.

దేశానికి ఈశాన్య మూలన బదఖ్షాన్ ప్రావిన్స్, అందులో అర్గో జిల్లా. చలికాలంలో మంచు పడిందంటే కొండదారులు మూసుకుపోతాయి. వాగుల వెంట కాస్త తడి భూమి, తక్కినదంతా వానను నమ్ముకున్న వాలు చేలు. వీటిని అక్కడ ‘లల్మీ’ అంటారు. వసంతంలో వానలు మొహం చాటేస్తే చల్లిన గోధుమ విత్తనం కూడా తిరిగి రాదు. కాళ్ల కింద నేలకూ భరోసా లేదు. 2014 మే 2న ఆబ్ బారిక్ గ్రామం మీద కొండచరియ విరిగిపడింది. తవ్వి తీద్దామని పరిగెత్తుకొచ్చినవాళ్ల మీద రెండోసారి విరిగిపడింది. శవాలను వెలికితీయలేక ఆ చోటునే సమాధిగా ప్రకటించారు.

ఇలాంటి చోట రైతు నల్లమందు కోసం గసగసాలు వేస్తే దురాశ అంటాం. నేను ఒప్పుకోను. గోధుమ బస్తాలు కొండ దించడమే పెద్ద ఖర్చు. కాయకు గాటు పెట్టి గీకిన నల్లమందు చిన్న మూటలో ఇమిడిపోతుంది, ఏళ్లు నిల్వ ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, దాని మీద అప్పు పుడుతుంది. చలికాలంలో గింజలు నిండుకున్నప్పుడు వ్యాపారి రాబోయే పంటకు తక్కువ ధర కట్టి ముందే డబ్బిస్తాడు. దీన్ని ‘సలామ్’ అంటారు. అది దోపిడీయే, కాదనను. కానీ బ్యాంకు గడప తొక్కలేని ఇంట్లో పిల్లల కడుపు నింపేది ఆ బయానాయే.

2022 ఏప్రిల్‌లో తాలిబన్లు ఈ సాగును నిషేధించారు. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో ఆ ఏడాది దేశమంతా కలిపి 2,33,000 హెక్టార్లున్న సాగు, 2023లో 10,800కి పడిపోయింది. మత్తుమందు తగ్గితే సంతోషమే. కానీ నిషేధంతో పాత బాకీలు మాఫీ కాలేదే! 2024 మేలో అర్గో, దరాయిం జిల్లాల్లో చేలు ధ్వంసం చేయడానికి వచ్చిన బలగాలకు జనం ఎదురు తిరిగారు. ప్రాణాలు పోయాయి. అదే ఏడాది దేశంలో మిగిలిన గసగసాల సాగులో సగానికి పైగా ఈశాన్యంలోనే, ముఖ్యంగా బదఖ్షాన్‌లో తేలింది.

అందుకే, నిషేధం నిలబడాలని కోరే దేశాలను నేను రెండే అడుగుతాను. మంచు పడకముందే ఆ రైతుకు తిండిగింజలు, విత్తనం అప్పుగా ఎవరిస్తారు? పండిన గోధుమను ఊళ్లోకొచ్చి ఎవరు కొంటారు?