రోబో ఎక్కకపోతే ముందు కడుపు కింద చూడండి

"రోబో అడ్డంకి ఎక్కట్లేదు అంకుల్, మోటార్లు మార్చేద్దాం."

టెక్సాస్‌లో మా పిల్లల టీమ్‌కి సాయం చేయడానికి వెళ్లినప్పుడల్లా ఈ మాట వింటాను. విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. చాలాసార్లు తప్పు మోటార్లది కాదు.

ఎఫ్‌ఆర్‌సీ అనే హైస్కూల్ పిల్లల రోబో పోటీలో 2016 ఆట స్ట్రాంగ్‌హోల్డ్‌నే తీసుకుందాం. కందకం, రాతిగోడ, ఎగుడుదిగుడు నేల దాటుకుని కోట మీదికి వెళ్లాలి. డ్రైవ్‌ట్రెయిన్, అంటే రోబోని నడిపే చక్రాలు, గేర్లు, మోటార్ల అమరిక, నేర్చుకోవడానికి నా దృష్టిలో దాన్ని మించిన ఆట లేదు.

కాసేపు రోబోని పక్కన పెట్టండి. రాత్రి స్కూటర్‌ని గడప దాటించి ఇంట్లో పెట్టడం గుర్తుందా? అదే గడపని సైకిల్ ఇట్టే ఎక్కేస్తుంది, స్కూటర్ మొరాయిస్తుంది. తేడా చక్రం సైజులో ఉంది. అంచు తేలిన మెట్టుకి ఆనిన చక్రం, ఘర్షణ గుణకం (చక్రం పట్టుకి కొలత) 1 అనుకుంటే, సొంత పట్టుతో తన వ్యాసార్ధంలో 29 శాతం ఎత్తు దాకానే ఎక్కగలదు. 4 అంగుళాల వ్యాసం ఉన్న చక్రానికి అది సుమారు 0.6 అంగుళం, 8 అంగుళాల చక్రానికి సుమారు 1.2. వెనక చక్రాలు నెడితే ఇంకొంచెం ఎక్కుతుంది. ఈ లెక్కలో మోటార్ ఎక్కడైనా కనిపించిందా? ఆ ఏడాది చాలా టీములు 8 అంగుళాల గాలి టైర్లు వేసుకున్నది ఇందుకే.

సరే, స్కూటర్ ముందు చక్రం లోపలికి వచ్చింది. వెంటనే కింద కిర్రుమని చప్పుడు. కడుపు గడపకి తగిలింది!

(స్క్రీన్ మీద: చెక్క దిమ్మ మీద ఆగిపోయిన రోబో)

చూడండి, బరువంతా మధ్య ప్లేటు మీద పడింది. చక్రాలు గాల్లో గిర్రున తిరుగుతున్నాయి. దీనికి ఎంత పెద్ద మోటార్ బిగించినా అలాగే, ఇంకా వేగంగా తిరుగుతుంది, అంతే.

ఇప్పుడు స్కూటర్ కడుపు కింద ఇంకో చక్రం ఉందనుకోండి. ముందూ వెనక చక్రాల మధ్య 24 అంగుళాలు, నేల నుంచి ప్లేటుకి 2 అంగుళాలు ఉంటే, కడుపు తగలకుండా దాటగల శిఖరం కోణం, అంటే ఎక్కే వాలు నుంచి దిగే వాలుకి తిరిగే మలుపు, సుమారు 19 డిగ్రీలు. సరిగ్గా మధ్యలో ఒక జత చక్రాలు పెడితే పక్కపక్క చక్రాల మధ్య దూరం 12 అంగుళాలవుతుంది, కోణం 37కి చేరుతుంది. ఆరు చక్రాల చాసిస్ (అడుగు చట్రం) అంటే నాకు అందుకే అంత ఇష్టం.

మరి స్కూటర్‌నే బాగా ఎత్తు చేసేస్తే? గడప దాటుతుంది, పైన ద్వారబంధం తగులుతుంది. స్ట్రాంగ్‌హోల్డ్‌లో ఆ ద్వారబంధం పేరు 'లో బార్', అంటే కిందుగా ఉన్న అడ్డకమ్మీ. దాని కింద ఖాళీ 16 అంగుళాలే. అందుకే ఎత్తు పెంచేముందు చక్రాల మధ్య దూరం తగ్గించండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. బంపర్ కంటే ముందు చక్రమే అడ్డంకిని తాకాలి. 6 అంగుళాల చక్రం తీసి 8 వేస్తే తోసే బలం పావు వంతు తగ్గుతుంది, గేర్ రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి మోటార్ తిరిగే చుట్లు) మూడో వంతు పెంచండి. బ్యాటరీ అడుగునే ఉండాలి, పట్టీతో బిగించాలి. దూకినప్పుడు కనెక్టర్ ఊడితే మ్యాచ్ అక్కడితో సరి.

ఇంకొకటి. చెక్క దిమ్మ పైఅంచుకి సుద్ద దట్టంగా రాసి, రోబోని నాలుగుసార్లు దాటించి, తిరగేసి చూడండి. సుద్ద ఎక్కడ అంటితే అక్కడ కడుపు తగులుతోందన్నమాట. కోయాల్సిందో, చక్రం పెట్టాల్సిందో అక్కడే.