రోజుకొక మజిలీ

శ్రోతలందరికీ నమస్కారం.

ఏడాది ముగింపుకు వచ్చేసరికి పుస్తకాలు చదివే అలవాటున్నవాళ్లలో చాలామంది ఒక లెక్క వేసుకుంటారు. ఎన్ని చదివాము, వాటిలో ఏవి నచ్చాయి, ఏవి సగంలోనే ఆగిపోయాయి అని. నేనూ ఆ లెక్క కోసమే నా చదువుల నోటుపుస్తకం తీసి చూశాను. పేర్లు చాలానే ఉన్నాయి. కానీ వాటిని పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్తుంటే, కొన్ని పేర్ల దగ్గర పుస్తకమంతా మనసులో మెదిలింది, మరికొన్ని పేర్ల దగ్గర అట్ట రంగు తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. అలా గుర్తుండిపోయిన పుస్తకాల విషయంలో ఒక పోలిక కనిపించింది: వాటిని నేను నా తీరికను బట్టి చదవలేదు, ఆ పుస్తకాల నడకను బట్టి చదివాను. ఈ పూట ఆ నడకను గురించి, అందులోనూ ముఖ్యంగా ఒక్క పుస్తకం నడకను గురించి చెబుతాను. మిగిలినవాటికి ఉన్న వ్యవధిలో కొద్దిపాటి చోటే దక్కుతుంది.

ఆ పుస్తకం పేరు కాశీయాత్ర చరిత్ర. రాసినవారు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాటను మరొకరి భాషలో చెప్పే ఉద్యోగంలో ఉండిన మనిషి. ఆయన 1830 మే 18వ తేదీ రాత్రి చెన్నపట్టణం విడిచి కాశీకి బయలుదేరారు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగకూ, కాశీకీ, గయకూ వెళ్లి, అక్కడినుంచి కలకత్తా చేరి, జగన్నాథం, అంటే పూరీ నుంచి సముద్రతీరం వెంబడి కిందికి దిగి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. 15 నెలలకు పైగా సాగిన ప్రయాణం అది. మన దేశంలో ప్రయాణికుల రైలు నడవడానికి అప్పటికి ఇంకా 23 ఏళ్లు ఉంది. కుటుంబమూ, బోయీలూ, సేవకులూ అంతా కలిసి సుమారు వందమంది పరివారం. ఇంతమందికి ప్రతిరోజూ నీళ్లు దొరకాలి, వంటచెరకు దొరకాలి, తల దాచుకునే చోటు దొరకాలి. ఆ చింత ఈ పుస్తకంలో ప్రతి పుటలోనూ వినిపిస్తుంది.

ఈ పుస్తకాన్ని ఆయన పుస్తకంగా రాయలేదు. అదే దీని ప్రత్యేకత. చెన్నపట్టణంలో ఉన్న తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు దారిలోని విశేషాలను ఎప్పటికప్పుడు రాసి పంపుతూ వచ్చారు. 1836లో వీరాస్వామయ్య కన్నుమూశాక, ఆ రాతలన్నిటినీ ఒకచోట చేర్చి 1838లో అచ్చు వేయించినవారు ఆ మిత్రుడే. నేను చదివింది మాత్రం దిగవల్లి వేంకటశివరావు సంపాదకత్వంలో 1941లో వెలువడిన ప్రతిని అనుసరించిన ముద్రణ.

ఇక నడక సంగతికి వస్తాను. ఈ పుస్తకాన్ని ఒక్క బిగిన చదవడానికి కూర్చున్న మనిషి పాతిక పుటలు దాటేలోగానే విసిగిపోతాడు. ఎందుకంటే ఇందులో కథ లేదు. ఒక ఊరి పేరు వస్తుంది, అంతకుముందు ఊరినుంచి అది ఎంత దూరమో వస్తుంది, దారి గులకరాళ్లదా, ఇసుకదా, అడవిదా అన్నది వస్తుంది, ఊళ్లో అంగళ్లున్నాయా, బావి నీళ్లు తాగడానికి పనికివస్తాయా, దిగడానికి సత్రమో, తోపో ఉందా అన్నది వస్తుంది. మర్నాడు మళ్లీ ఒక ఊరు, మళ్లీ దూరం, మళ్లీ నీళ్లు. వరసగా చదివితే ఇది జాబితా. అయితే ఇదంతా రాసిన మనిషికి ఆ రోజు తెలిసింది ఆ ఒక్క మజిలీయే గదా, దాన్ని అందుకున్న మిత్రుడికి కూడా ఆ కాగితంలో ఉన్నంతవరకే తెలుసు గదా, మరి నేను మాత్రం ఆ నెలల బాటను ఒక్క వారాంతంలో ఎందుకు నడిచెయ్యాలి అనిపించింది. ఆయన బయలుదేరిన మే నెలలోనే నేనూ పుస్తకం తెరిచి, రోజుకొక మజిలీ చొప్పున చదవడం మొదలుపెట్టాను. ఒక్క మజిలీ చదవడం, పటంలో ఆ ఊరు ఎక్కడుందో వెతకడం, పుస్తకం మూసెయ్యడం. అంతే.

అలా చదివేసరికి జాబితా కాస్తా వార్త అయింది. నీళ్లు మంచివి కావని నిన్న రాసిన మనిషికి ఈ రోజు మంచి బావి దొరికిందని తెలిస్తే, చదువుతున్న నాకు నిజంగానే ఊరట కలిగింది. పెద్ద ప్రయాణానికి బయలుదేరిన ఆయన మొట్టమొదట చేసిన మజిలీ ఏమిటో తెలుసా? తండయారుపేటలోని తన సొంత తోట. ఊరు దాటాక వెంట రావలసినవాళ్ల కోసం అక్కడే ఆగారు. వరసగా చదివితే కంటికి ఆనకుండా జారిపోయే ఈ వాక్యం, ఆ రోజుకు అదొక్కటే చదువు కావడం వల్ల, నాకు ఎంతో ముచ్చటగా తోచింది. కాశీకి పోయే మనిషి కూడా ముందు తోటలో పడుకుని, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని చూసుకోవలసిందే మరి.

ఇంకొక విషయం. కోర్టులో ఇతరుల మాటను తూచి తూచి మరో భాషలో చెప్పడం వృత్తిగా ఉన్నందువల్ల కావచ్చు, వీరాస్వామయ్యకు వివరం మీద ఆశ ఎక్కువ. పరిపాలన ఎలా ఉంది, సుంకాలు ఎలా వసూలు చేస్తున్నారు, ఏ ప్రాంతపు మనుషుల ఆచారాలు ఎలా ఉన్నాయి, పల్లకి మోసే బోయీలు ఎక్కడ ఇబ్బంది పడ్డారు, ఇవన్నీ దేవాలయాల వర్ణనతో సమానంగా చోటు చేసుకుంటాయి. కంపెనీ పాలన మీద ఆయనకున్న మంచి అభిప్రాయాలతోనూ, కులాచారాలను గురించి ఆయన చెప్పిన కొన్ని మాటలతోనూ నేను ఏకీభవించలేను. కానీ రోజుకొక మజిలీ చొప్పున నెలల తరబడి ఒక మనిషి వెంట నడిచాక, ఏకీభవించకపోవడం కూడా ఒక రకమైన స్నేహంగానే ఉంటుంది. తెలుగులో వచనమే అరుదుగా ఉన్న కాలంలో, మాట్లాడుకునే భాషకు ఇంత దగ్గరగా ఆయన రాయగలగడానికి కారణం కూడా, ఎదురుగా స్నేహితుడున్నాడన్న భావమేనని నా నమ్మకం. పండితులు చదువుతారని ఆయన అనుకుని ఉంటే, ఆ వాక్యాలు అలా నడిచేవి కావు.

అన్ని పుస్తకాలూ ఇంత నెమ్మదిగా చదవవలసినవేనని నేననడం లేదు. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు సంగతి చూడండి. అంత పెద్ద నవలను ఆయన చెబుతుండగా తమ్ముడు రాసుకున్నారనీ, 29 రోజుల్లో పూర్తయిందనీ చెబుతారు. దాన్ని ఈ ఏడాది మళ్లీ చదివినప్పుడు, రోజుకు పది పుటలు చదివితే ఆ నవల ముక్కలైపోతుందనీ, రోజుకు గంటల తరబడి కూర్చుంటేనే అందులోని కథలో కథలూ, చర్చలూ, దారి మళ్లడాలూ ఒక ప్రవాహంగా కలుస్తాయనీ అర్థమైంది. ఆశువుగా వచ్చినదాన్ని ఆశువుగానే తీసుకోవాలి.

శంకరమంచి సత్యం అమరావతి కథలది మళ్లీ వేరే లెక్క. ఆ 100 కథలూ మొదట బాపు బొమ్మలతో ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి. అంటే పాఠకుడికి ఒక కథకూ, ఇంకొక కథకూ నడుమ ఏడు రోజుల విరామం ఉండేది. ఇప్పుడు ఒకే సంపుటంలో దొరుకుతున్నాయి గదా అని ఒక్క సాయంత్రంలో పది కథలు చదివితే, ప్రతి కథ చివరా వచ్చే మలుపును మనసు ముందే ఊహించడం మొదలుపెడుతుంది. అది రచయిత లోపం అనలేము. వారానికి ఒకటిగా చదివినప్పుడు ఆ కథలు చాలా బాగున్నాయి.

కన్యాశుల్కం నాటకాన్ని మాత్రం పైకి చదివాను. 1897 నాటి మొదటి కూర్పునూ, గురజాడ ఎంతగానో పెంచి తిరగరాసిన 1909 నాటి రెండవ కూర్పునూ పక్కపక్కన పెట్టుకుని, మధురవాణి మాటలు మొదటిదానిలో ఎంత, రెండవదానిలో ఎంత అని చూసుకుంటూ పైకి చదివాను. కళ్లతో చదివినప్పుడు నవ్వు వస్తుంది. పైకి చదివినప్పుడు ఎవరు ఎవరిని బుట్టలో వేస్తున్నారో కూడా వినిపిస్తుంది. ఇది నాటకం గనుక ఇలా చెప్పడంలో వింత లేదు, అయినా మనలో ఎందరం నాటకాలను పైకి చదువుతున్నాం?

ఈ నోటుపుస్తకం చూశాక నేను చేసుకున్న మార్పు ఒక్కటే, శ్రోతలు కూడా కావాలంటే చేసుకోవచ్చు. ఇదివరకు పుస్తకం పూర్తయిన రోజున దాని పేరు రాసుకునేదాన్ని. ఇప్పుడు పుస్తకం మొదలుపెట్టే ముందే, అది మొదట ఎలా వెలువడిందో రాసుకుంటున్నాను: ఉత్తరాలుగానా, వారం వారం పత్రికలోనా, రంగస్థలం మీదనా, లేక ఒకేసారి పుస్తకంగానా. సాధారణంగా ఆ వివరం ముందుమాటలోనో, అచ్చు వివరాలుండే పుటలోనో దొరుకుతుంది. ఆ వివరం తెలిశాక రోజుకు ఎంత చదవాలో దాదాపు దానంతటదే తేలిపోతుంది. ఆ పక్కన, ఏ పూట ఏ పుటలో ఆగానో, ఎందుకు ఆగానో ఒక్క మాటలో రాసుకుంటున్నాను. నిద్ర వచ్చి ఆగడం వేరు, చదివింది చాలు, కాసేపు దీన్నే తలచుకుందాం అని ఆగడం వేరు. రెండవ రకం ఆగడాలు ఎక్కువగా ఉన్న పుస్తకాలే నా ఈ ఏటి ఇష్టమైన పుస్తకాలు.

కాశీయాత్ర చరిత్ర అంతర్జాలంలో ఉచితంగానే దొరుకుతుంది. మొదలుపెట్టేవాళ్లకు ఒక చిన్న సూచన: సంపాదకుని పీఠికనూ, అధోజ్ఞాపికలనూ, అంటే పుటల అడుగున ఉండే వివరణలనూ చివరికి అట్టిపెట్టుకోండి. అవి విలువైనవే, కానీ ముందే చదివితే దారిలో ఏమి ఎదురవుతుందో తెలిసిపోతుంది. చేతికందేలా ఒక పటం పెట్టుకోండి. పాత ఊరి పేర్లు కొన్ని నేటి పటంలో వేరే వర్ణక్రమంతో ఉంటాయి, పైకి పలికి చూస్తే చాలావరకు పోల్చుకోవచ్చు. హైదరాబాదు దాకా ఓపిక పట్టండి, ఆ తరువాత మర్నాటి మజిలీ కోసం మీరే ఎదురుచూస్తారు.

సెలవు. నమస్కారం.